గోలు ముందు నిలబడే బిడ్డ

మినుము నూర్పిళ్ళ రోజుల్లో ఒకనాటి సాయంత్రం గుడ్లవల్లేరు బజారులో ఒక తండ్రి నన్ను ఆపాడు. కౌలు రైతు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే.

"మాస్టారూ, మా చిన్నమ్మాయిని బళ్ళో హాకీ జట్టులోకి తీసుకున్నారండీ" అన్నాడు.

"మంచిదే గదయ్యా" అన్నాను.

"మంచిదేననుకోండి. కానీ దాన్ని గోల్లో నిలబెట్టారంట. పరుగెత్తే పిల్లలందర్నీ ముందు పెట్టి దీన్ని వెనక్కి నెట్టారు. చేతగాని పిల్లనే గదండీ గోల్లో పెట్టేది? పైగా దెబ్బలు. వాళ్ళమ్మ మాన్పించెయ్యమని ఒకటే గొడవ. మీరేం చెయ్యమంటారు?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. వారం రోజులు గడువు అడిగాను. ఆ వారంలో పాత పత్రికలు తిరగేశాను, ఆటలు నేర్పే ఇద్దరు మిత్రులను అడిగాను. ఆ తండ్రికి చెప్పిన జవాబునే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి సందేహం మన పల్లెల్లో ఇంకా ఎన్ని ఇళ్ళలో ఉన్నదో గదా!

అది చేతగానివారి చోటా?

మన చిన్నతనంలో జరిగింది గుర్తు చేసుకుందాం. వరి కోతలైన చేలో రెండు ఇటుకలు పెట్టి గోలు అనుకునేవాళ్ళం. అక్కడ నిలబడడానికి ఎవరూ ముందుకు వచ్చేవారు కాదు. చివరికి అందరిలో చిన్నవాడినో, లావుపాటివాడినో బతిమాలి నిలబెట్టేవాళ్ళం. గోలంటే చేతగానివారి చోటు అనే మాట మన మనస్సులో నాటుకున్నది అక్కడే.

నిజం వేరు. ఫుట్‌బాల్ గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. మన హాకీ గోలు వెడల్పు 12 అడుగులు, ఎత్తు 7 అడుగులు. చలిదేశాల్లో మంచుగడ్డ మీద ఆడే ఐస్ హాకీలో గోలు వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు మాత్రమే. గోలు చిన్నదయ్యేకొద్దీ దాని మీదికి వచ్చే దెబ్బ వేగం పెరుగుతుంది. మన హాకీలో పెనాల్టీ కార్నర్ వచ్చినప్పుడు బాగా కొట్టేవాళ్ళు బంతిని గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో పంపుతారు. గోలు నుంచి ఆ గీత సుమారు 16 గజాలు. లెక్క వేసి చూడండి, బంతి చేరడానికి అర సెకను చాలు. ఆ అర సెకనులో చూడాలి, నిర్ణయించుకోవాలి, కదలాలి. ఆ బంతి బరువు 160 గ్రాముల చిల్లర, రాయిలా గట్టిగా ఉంటుంది.

ఇలాంటి పనికి చేతగాని బిడ్డను నిలబెట్టే వ్యాయామ ఉపాధ్యాయుడెవరైనా ఉంటాడా? చిన్నపిల్లల సరదా ఆటలో ఉండవచ్చునేమో గాని, జట్టును నిజంగా గెలిపించాలనుకునేవాడు అలా చెయ్యడు. బంతి ముఖం మీదికి వస్తే కన్ను మూయని పిల్ల ఎవరో, పడిపోతే వెంటనే లేచే పిల్ల ఎవరో ఆయన చూస్తాడు. ఆ రెండూ చూసే మీ అమ్మాయిని అక్కడ నిలబెట్టి ఉంటాడు.

ముందు వరుస నుంచి గోలు దగ్గరికి

మన తెలుగుసీమ నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. పీటర్ తంగరాజ్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు 1935లో హైదరాబాద్‌లో పుట్టాడు. సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడే రోజుల్లో ఆయన గోల్‌కీపర్ కాదు, గోళ్ళు కొట్టే సెంటర్ ఫార్వర్డ్. 1950లలో సైన్యంలో చేరి మద్రాసు రెజిమెంటల్ సెంటర్ జట్టుకు ఆడుతున్నప్పుడు గోల్లోకి మారాడు. పొడగరి, చేతులు పొడవు, పైగా దాడి చేసేవాడి ఆలోచన ఎలా నడుస్తుందో స్వయంగా తెలిసినవాడు. ఆ జట్టు 1955లోను, 1958లోను డ్యూరాండ్ కప్పు గెలుచుకుంది. తంగరాజ్ 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్లలో ఉన్నాడు. 1967లో అర్జున అవార్డు అందుకున్నాడు.

ఆయన జీవితంలో అందరూ చెప్పుకునే రోజు 1962 సెప్టెంబరు 4. జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా. అంతకు ముందు మ్యాచుల్లో తంగరాజ్ జ్వరపడి బయట ఉంటే, ప్రద్యుత్ బర్మన్ అనే యువకుడు గోల్లో నిలబడ్డాడు. ఫైనల్‌కు ఎవరిని దించాలి? శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ మనిషే, ఒకప్పుడు ఉపాధ్యాయుడు. ఆయన తంగరాజ్‌ను దించాడు. భారత్ 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చుకుంది.

ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. గోల్‌కీపర్ పుట్టుకతోనే గోల్‌కీపర్ కానక్కర లేదు. వేరే చోట ఆడినవాడు ఆలస్యంగా మారి కూడా దేశంలో మొదటివాడు కావచ్చును. ఇక రెండవది, బర్మన్ సంగతి. జట్టును ఫైనల్ దాకా చేర్చడంలో చెయ్యివేసి, ఫైనల్ రోజున బయట కూర్చున్నాడు. గోల్లో నిలబడేది ఒక్కరే. ఆ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఎలా తయారు చేస్తారు?

గోల్‌కీపర్‌ను తయారు చేయడమంటే ముందు చేతులు గుర్తొస్తాయి. కాని నేర్పేవాళ్ళు మొదలుపెట్టేది పాదాలతో. మడమలు నేలకు ఆనించి నిలబడ్డ పిల్ల కదలలేదు. బరువు ముందు పాదం మీద ఉంచి, మోకాళ్ళు కొంచెం వంచి, కాళ్ళు పెనవేసుకోకుండా పక్కకు జరగడం నేర్పుతారు. తాడాట, అటూ యిటూ చిన్న అంగలు, పడి లేవడం. ఇవి నెలల తరబడి సాగుతాయి. చూసేవారికి విసుగు పుట్టించే పని ఇది. మొక్కై వంగనిది మానై వంగదంటారు గదా, పాదాల అలవాటు చిన్నప్పుడే పడాలి.

తరువాత నేర్పేది కోణం. కరెంటు పోయిన రాత్రి పిల్లలు గోడ మీద నీడలాట ఆడటం చూసే ఉంటారు. చెయ్యి గోడకు దగ్గరగా పెడితే నీడ చెయ్యంతే ఉంటుంది. అదే చేతిని దీపం దగ్గరికి జరిపితే నీడ గోడంతా కమ్ముతుంది. బంతి దీపమనుకోండి, గోలు గోడ అనుకోండి, గోల్‌కీపర్ ఆ చెయ్యి. గోలు గీత మీదే నిలబడితే ఆమె కాచేది ఆమె ఒళ్ళంత మేరే. రెండడుగులు ముందుకు వస్తే కొట్టేవాడికి గోలు కనిపించడమే తగ్గిపోతుంది. మరీ ముందుకు వస్తే బంతిని పక్కకు తప్పించి వెళ్ళిపోతాడు. ఎంత ముందుకు రావాలి, ఎప్పుడు ఆగాలి అన్నది తెలుసుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

మూడవది, ఆపిన బంతి ఎటు పోతున్నదన్నది. ఆపి ఎదుటివాడి కాళ్ళ ముందే పడేస్తే ఆపిన ఫలితం లేదు. కాలితోనో కర్రతోనో పక్కలకు, జనం లేని వైపుకు నెట్టాలి. హాకీలో ఇంకొక నియమం ఉంది. గోలు ముందున్న అర్ధవలయంలో ఉన్నంతవరకే గోల్‌కీపర్ కాలితో, ఒంటితో బంతిని ఆపవచ్చును. వలయం దాటితే కర్ర తప్ప మరేమీ తగలకూడదు.

నాలుగవది గొంతు. మైదానం మొత్తం కనిపించేది వెనక నిలబడ్డ మనిషికే. "కుడివైపు చూడు, వెనకాల ఒకామె వస్తోంది" అని ఆమె కేకవేసి చెప్పాలి. ఇంట్లో గట్టిగా మాట్లాడితే కసిరే మన ఆడపిల్లలకు ఇది అన్నిటికన్నా కష్టమైన పాఠమని ఒక శిక్షకుడు నాతో అన్నాడు. నెమ్మదస్తురాలైన పిల్ల మైదానంలో పదిమందిని అదిలించి నడిపించడం నేర్చుకుంటే, అది ఆమెకు ఆటలోనే కాదు, ఆ తరువాత కూడా అక్కరకు వస్తుంది.

అయిదవది మరచిపోవడం. ముందు ఆడే పిల్ల పది తప్పులు చేసినా ఎవరూ లెక్కపెట్టరు. గోల్‌కీపర్ చేసిన ఒక్క తప్పు లెక్కల పలక మీదికి ఎక్కుతుంది. అందరూ తల తిప్పి ఆమె వంకే చూస్తారు. ఆ క్షణంలో ఆ గోలును అక్కడే వదిలేసి, తరువాతి బంతి కోసం నిలబడగలగాలి. ఇది నేర్పే యంత్రం లేదు. ఇంటివాళ్ళు, ఉపాధ్యాయులు ఎలా మాట్లాడతారన్న దాని మీదనే ఇది ఆధారపడి ఉంది.

పిల్లలను మరీ చిన్న వయస్సులో ఒకే చోట కట్టివేయకూడదని కూడా నేర్పేవారు చెబుతారు. ఐస్ హాకీ విస్తారంగా ఆడే అమెరికాలో 8 ఏళ్ళ లోపు పిల్లల్లో ఎవరినీ శాశ్వతంగా గోలీని చేయవద్దని, అందరినీ వంతులవారీగా నిలబెట్టమని ఆ ఆట సంఘమే సలహా ఇస్తున్నది. త్వరగా తొడిగి త్వరగా విప్పగల తేలికపాటి ప్యాడ్లు అందుకోసమే వాడతారు. అందరూ ఒకసారి నిలబడితే ఆ చోటులోని కష్టం అందరికీ తెలుస్తుంది. ఎవరికి ఆ చోటు నచ్చిందో కూడా బయటపడుతుంది.

ఎలా ఎన్నుకుంటారు?

మన రాష్ట్రాల్లో పిల్లలను చిన్నప్పుడే ఏరే పద్ధతి ఒకటి ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 1993లో హైదరాబాద్ దగ్గర హకీంపేటలో క్రీడా పాఠశాల పెట్టారు. 4వ తరగతిలోకి పిల్లలను తీసుకోవడానికి మండలం, జిల్లా, రాష్ట్రం అని మూడు మెట్లుగా పరీక్షలు జరుపుతారు. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, పైకి ఎగరడం, అటూ యిటూ మలుపు తిరిగే పరుగు, బరువు బంతి విసరడం, నడుము వంచడం చూస్తారు. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత ఆ పాఠశాల తెలంగాణకు చెందింది. మన వైపు కడపలో క్రీడా పాఠశాల ఉన్నది.

ఈ కొలతలు మంచివే. కాని గోల్‌కీపర్‌లో ఉండవలసిన గుణాల్లో సగం గడియారానికి, టేపుకు అందవు. అందుకే గోల్‌కీపర్‌ను ఏరడం ఏ దేశంలోనైనా కష్టమే. దీనికి నాకు దొరికిన గొప్ప ఉదాహరణ స్వీడన్ దేశపు కవల పిల్లలది. ఆ దేశపు ఉత్తర భాగంలో మంచుకొండల మధ్య పెరిగిన అన్నదమ్ములు హెన్రిక్ లుండ్‌క్విస్ట్, యోయెల్ లుండ్‌క్విస్ట్. ఇద్దరూ ఐస్ హాకీ ఆడారు. యోయెల్ ముందు వరుస ఆటగాడు, హెన్రిక్ గోలీ. అమెరికా, కెనడా దేశాల పెద్ద లీగు ఏటా కొత్త కుర్రవాళ్ళను వరుస క్రమంలో ఎంచుకుంటుంది. 2000వ సంవత్సరంలో ఆ ఎంపికలో యోయెల్ పేరు 68వదిగా పిలిచారు. హెన్రిక్ పేరు పిలిచేసరికి అది 205వది. ఆ తరువాత కూడా అతను వెంటనే వెళ్ళలేదు, అయిదేళ్ళు సొంత దేశంలోనే ఆడి పదును పెట్టుకున్నాడు. 2005లో న్యూయార్క్ జట్టులో చేరి 15 సీజన్లు అదే జట్టుకు ఆడి 459 మ్యాచులు గెలిపించాడు. 2006లో స్వీడన్‌కు ఒలింపిక్ బంగారు పతకం తెచ్చిన జట్టులో గోలీ అతనే.

ఒకే ఇంట, ఒకే రోజున పుట్టి, ఒకే ఆట ఆడిన ఇద్దరిని చూసి కూడా అనుభవజ్ఞులైన ఎంపికదారులు గోలీ విషయంలో అంతగా పొరబడ్డారు. కారణం లేకపోలేదు. ముందు వరుస ఆటగాడి వేగం, నేర్పు 18 ఏళ్ళకే కంటికి కనబడతాయి. గోలీ పనితనంలో నిదానం, అంచనా, ఓర్పు ఎక్కువ. అవి వయస్సుతో పండుతాయి. అందుకే అనుభవం ఉన్నవారు ఒక్క మ్యాచు చూసి గోలీని తేల్చివేయరు. గోలు పడ్డ తరువాతి అయిదు నిమిషాలు ఆ పిల్ల ఎలా నిలబడిందో చూస్తారు. గుంపులోంచి వచ్చే బంతిని కళ్ళు వెంబడిస్తున్నాయా, పడ్డాక ఎంతసేపటికి లేస్తున్నది, ఓడిన రోజున తోటివారితో ఎలా మాట్లాడుతున్నది అని చూస్తారు.

మన దేశంలో హాకీ పిల్లకు దారి బడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి సాగుతుంది. సబ్ జూనియర్, జూనియర్, సీనియర్ జాతీయ పోటీలలో ఎంపికదారులు కూర్చుని చూస్తారు. అక్కడ కంటపడినవారిని జాతీయ శిబిరానికి పిలుస్తారు. అయితే ఒక్కొక్క జట్టు నుంచి ఫార్వర్డులు నలుగురైదుగురు కంటపడవచ్చును గాని, గోల్‌కీపర్లు ఒకరిద్దరే.

యనమలవారిపల్లె నుంచి మస్కట్ దాకా

ఇప్పుడు మన రాష్ట్రపు అమ్మాయి సంగతికి వస్తాను. ఎతిమర్పు రజని 1990లో పుట్టింది. ఊరు యర్రావారిపాళెం మండలంలోని యనమలవారిపల్లె. అప్పట్లో చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. మన గుడ్లవల్లేరు లాగానే అదీ పేరున్న ఆటస్థలాలకు దూరంగా ఉన్న పల్లె. మన రాష్ట్రం హాకీకి పేరుపడినదీ కాదు. అక్కడి నుంచి ఆమె భారత మహిళల జట్టు గోల్‌కీపర్ అయింది.

2017లో ఆసియా కప్పు గెలిచిన జట్టులో ఆమె ఉన్నది. 2018లో కామన్వెల్త్ క్రీడలకు, లండన్ ప్రపంచ కప్పుకు, ఆసియా క్రీడలకు వెళ్ళిన జట్లలో ఉన్నది. ఆసియా క్రీడల్లో ఆ జట్టు రజత పతకం సాధించింది. కాని ఆ సంవత్సరాలన్నిటిలో మొదటి గోల్‌కీపర్ హర్యానా అమ్మాయి సవితా పూనియా. సవిత ప్రపంచంలోనే మేటి అని అంతర్జాతీయ సంఘం వరుసగా మూడుసార్లు గుర్తించిన గోల్‌కీపర్. అంతటి మనిషి ముందుండగా రెండవ గోల్‌కీపర్ చేసే పని ఏమిటి? రోజూ అదే సాధన, అవే దెబ్బలు. మ్యాచు రోజున బెంచీ.

2021 ఆగస్టు 2న టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో భారత మహిళలు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించారు. గుర్జీత్ కౌర్ గోలు కొట్టింది. ఆస్ట్రేలియా పెనాల్టీ కార్నర్లన్నిటినీ సవిత, ముందున్న రక్షకులు కలిసి అడ్డుకున్నారు. ఆ రోజు దేశమంతా సవిత పేరు తలచుకుంది. అదనపు గోల్‌కీపర్‌గా రజని ఆ జట్టుతోనే టోక్యోలో ఉన్నది. సాధనలో సవిత మీదికి బంతులు పడుతుంటే పక్కనే నిలబడి, తన వంతు వచ్చినప్పుడు తాను ఆపి, మళ్ళీ తప్పుకున్న మనిషి ఆమె. టోక్యో నుంచి తిరిగి వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు 25 లక్షల రూపాయలు, తిరుపతిలో ఇంటిస్థలం ప్రకటించింది.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం కోసం న్యూజిలాండ్‌తో ఆడినప్పుడు మ్యాచు 1-1తో ముగిసి షూటౌట్‌కు వెళ్ళింది. షూటౌట్ అంటే ఒక్కరు, ఒక్కరితో. కొట్టేవారు 23 మీటర్ల గీత నుంచి బయలుదేరి 8 సెకన్లలో గోలు చేయాలి. సవిత నిలబడి గెలిపించింది. ఆ జట్టులో పేరున్న రెండవ గోల్‌కీపర్ రజని. పతకం ఇద్దరి మెడలోనూ పడింది.

చివరికి ఆమె వంతు 2024 జనవరిలో వచ్చింది. ఒమన్ దేశంలోని మస్కట్‌లో, జట్టుకు అయిదుగురే ఆడే హాకీ ఫైవ్స్ అనే పొట్టి ఆటకు మొదటి మహిళా ప్రపంచ కప్పు జరిగింది. భారత జట్టుకు కెప్టెన్ రజని. అప్పటికి ఆమె వయస్సు 33. జట్టు ఫైనల్ చేరింది. ఫైనల్‌లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడి రజత పతకంతో తిరిగి వచ్చింది.

ఏడు గోళ్ళు! ప్రపంచ కప్పు ఫైనల్‌లో, కెప్టెన్‌గా, అందరూ చూస్తుండగా ఏడుసార్లు బంతి వెనక వలలో పడింది. అయినా అది దేశానికి రజతమే. అక్కడికి చేరడానికి ఆమె ఎన్ని బంతులు ఆపి ఉంటుందో ఎవరు లెక్కపెట్టారు? గోల్‌కీపర్ బ్రతుకు ఇంతే. ఆపినవి గాలిలో కలిసిపోతాయి, ఆపలేనివి పలక మీద మిగులుతాయి.

తలిదండ్రులు చూడవలసినవి

మొదటిది రక్షణ. శిరస్త్రాణం, మెడకు, ఛాతీకి రక్ష, కాళ్ళకు ప్యాడ్లు, పాదాలకు కిక్కర్లు, చేతులకు గట్టి తొడుగులు, పొత్తికడుపుకు రక్ష. ఇవన్నీ ఉంటేనే అసలు హాకీ బంతి ముందు బిడ్డను నిలబెట్టనివ్వండి. లేకపోతే టెన్నిసు బంతితోనే సాధన చేయించమని ఉపాధ్యాయుని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు. శిరస్త్రాణం బిడ్డ తలకు సరిపోయిందో లేదో మీ చేత్తో కదిపి చూడండి. పెద్దపిల్లలు వాడి వదిలేసినది వదులుగా ఉంటే అది ఉన్నా లేనట్లే.

రెండవది ఖర్చు. గోల్‌కీపర్ సామాను మిగతా ఆటగాళ్ళ సామానుకన్నా ఎంతో ఎక్కువ ఖరీదు. కేరళ రైతుబిడ్డ పి.ఆర్. శ్రీజేష్ టోక్యోలోను, 2024 పారిస్‌లోను ఒలింపిక్ కాంస్యం తెచ్చిన జట్లకు గోల్‌కీపర్. తిరువనంతపురం క్రీడా పాఠశాలలో చేరాక శిక్షకుని సలహాతో గోల్లోకి వచ్చాడు. అతనికి సామాను కొనడానికి తండ్రి ఆవును అమ్మాడు. మీరూ గేదెను అమ్మమని నేను చెప్పడం లేదు. సామాను బడిదై, పిల్లలు మార్చి మార్చి వాడుకోవచ్చును. ఊరిలో చదువుకుని పైకి వచ్చినవారిని నలుగురు కలిసి వెళ్ళి అడగవచ్చును. ఒక్క ఇంటికి బరువైనది పది ఇళ్ళకు తేలిక.

మూడవది హాస్టలు. దూరపు పాఠశాలకు పంపే ముందు వెళ్ళి చూసి రండి. ఆడపిల్లల గదుల దగ్గర ఆడవార్డెన్ ఉన్నదా, మరుగుదొడ్లు ఎలా ఉన్నాయి, చదువు సాగుతున్నదా, బిడ్డ మీతో ఒంటరిగా మాట్లాడడానికి వీలుందా అని కనుక్కోండి. బిడ్డ ఏదైనా చెబితే నమ్మండి. ఏ పతకమూ బిడ్డ క్షేమం కన్నా పెద్దది కాదు.

నాలుగవది చదువు. రైల్వేలు, పోలీసు, సైన్యం క్రీడాకారులను ఉద్యోగాల్లోకి తీసుకుంటాయి. నిజమే. కాని దేశపు జట్టులో గోల్‌కీపర్ స్థానాలు రెండే. ఆ రెండింటినీ నమ్ముకుని పుస్తకం మూసేయడం తెలివి కాదు. పది పాసైన గోల్‌కీపర్‌కు రెండు దారులుంటాయి.

అయిదవది ఓర్పు. మీ అమ్మాయి రెండవ గోల్‌కీపర్‌గా రెండేళ్ళు బెంచీ మీద కూర్చోవచ్చు. అది ఓటమి కాదు. రజని సంగతి ఆమెకు చెప్పండి.

ఆ వారం తరువాత

వారం తరువాత ఆ తండ్రి మా ఇంటికి వచ్చాడు. ఇవన్నీ చెప్పాను. అరుగు మీద కూర్చుని దీపం, నీడ సంగతి చెప్పినప్పుడు మాత్రం తల ఊపి, "అయితే మా పిల్లకు ఈ లెక్కలన్నీ తెలుస్తున్నాయంటారా?" అన్నాడు. తెలుస్తాయన్నాను. పిల్లను మాన్పించలేదు.

వానకాలం వచ్చాక జిల్లా బడుల పోటీలు జరిగాయి. మా పిల్లల జట్టు మొదటి మ్యాచులోనే 6-0తో ఓడిపోయింది. రాత్రి బస్సు దిగి పిల్ల ఇంటికి వెళ్ళేసరికి, ఆరు గోళ్ళ కబురు ఆమెకన్నా ముందే ఊరు చేరింది. వీధిలో ఎవరో నవ్వారు కూడా. తల్లి గుమ్మంలో నిలబడి ఏదో అనబోయిందట.

తండ్రే నాతో చెప్పాడు. "నేనే ముందు మాట్లాడేశానండీ మాస్టారూ. ఆరు గోళ్ళ మాట ఎత్తలేదు."

"మరేమన్నావు?"

"అన్నం తిన్నావా అమ్మా, అన్నాను."

పిల్ల తినలేదని చెప్పిందట. ముగ్గురూ కూర్చుని తిన్నారు. తినడం సగమయ్యాక పిల్లే మొదలుపెట్టింది. నాలుగో గోలు తాను ముందుకు రాకపోవడం వల్ల పడిందని, ఏడోది పడవలసింది, కాలితో ఆపానని, ఆ బంతి ఎటు నుంచి వచ్చిందో కంచం మీద వేలితో గీసి చూపించిందట.

మరునాడు తెల్లవారకముందే లేచి గోడకు టెన్నిసు బంతి కొట్టుకుంటూ ఉంటే, చప్పుడుకు ఇంట్లో అందరికీ మెలకువ వచ్చిందని చెప్పి ఆ తండ్రి నవ్వాడు.